పాత సాఫ్ట్‌వేర్‌ను మొదటి నుంచి రాయాలా? ముందు అది ఏం చేస్తోందో ఎవరికి తెలుసో చూడండి

మీ పరిస్థితి నాకు అర్థమైనంతలో ఇది. 13 ఏళ్ల కిందటి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. సుమారు 3 లక్షల వరసల కోడ్. కోడ్ సరిగా పనిచేస్తోందో తనంతట తానే చూసే టెస్టులు దాదాపు లేవు. మొదట రాసినవారిలో ఒక్కరే మిగిలారు, ఆయన కూడా నాలుగు నెలల్లో పదవీ విరమణ చేస్తున్నారు. చిన్న మార్పుకు మూడు వారాలు పడుతోంది. ఎనిమిది మంది ఉన్న మీ బృందం దీన్ని పక్కన పెట్టి ఏడాదిలో కొత్తది రాసేస్తామంటోంది. ఏం చేద్దామని యాజమాన్యం మిమ్మల్ని అడిగింది.

ఇప్పుడే "రాద్దాం" అనకండి. "వద్దు" అని కూడా అనకండి. ఈ రెండింటిలో ఏది చెప్పడానికైనా మీ దగ్గర ఇంకా సరుకు లేదు.

"ఈ కోడ్ చూడలేకపోతున్నాం" అన్న ఫిర్యాదు మీద ఇంత పెద్ద నిర్ణయం నిలబడదు. ఇతరులు రాసిన కోడ్ ఎవరికీ నచ్చదు. రెండేళ్లు పోతే తాను రాసినదే తనకు నచ్చదు. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: ఈ సాఫ్ట్‌వేర్ ఏమేం చేస్తోందో పూర్తిగా చెప్పగలవారు మీలో ఎవరైనా ఉన్నారా? ఉంటే కొత్తది రాయడం సాధ్యమే, కానీ అప్పుడు పాతదాన్ని బాగుచేయడమూ సాధ్యమే. లేకపోతే, దేన్ని తిరిగి రాయబోతున్నారో తెలియకుండానే ఏడాది గడువు ఒప్పుకుంటున్నారన్నమాట.

నేను ఇలాంటి పనుల్లో మూడుసార్లు ఉన్నాను. ఒకటి మధ్యలో ఆగిపోయింది. ఒకటి చెప్పిన గడువుకు రెండింతలు తీసుకుంది. ఒకటి మాత్రం చెప్పినట్టే పూర్తయింది. ఎక్కువ నేర్పినది ఆగిపోయినదే కాబట్టి దాని సంగతి చెబుతాను.

గిడ్డంగుల్లోకి వచ్చే సరుకును తూచి, నిల్వ రోజులు లెక్కకట్టి, బిల్లు వేసే సాఫ్ట్‌వేర్ అది. లారీ కాటా మీదికి ఎక్కగానే బరువు కంప్యూటర్‌లోకి వస్తుంది. పాత కోడ్‌లో బరువు చదివే ముందు రెండు సెకన్లు ఊరికే ఆగే వరస ఒకటి ఉంది. ఎందుకో రాసిపెట్టలేదు. మేం దాన్ని చూసి నవ్వుకున్నాం. కొత్తదానిలో ఆ ఆగడం తీసేసి, వేగం పెరిగిందని సంబరపడ్డాం. వాడకంలో పెట్టిన మొదటి వారంలోనే ఒకే లారీకి రెండుసార్లు తూస్తే రెండు బరువులు వచ్చాయి. పెద్ద బండి ఎక్కాక కాటా కాసేపు ఊగి స్థిరపడుతుంది. కొత్త కాటాలు "స్థిరపడింది" అని సంకేతం పంపేవి, ఒక పాత మోడల్ మాత్రం పంపేది కాదు. పదేళ్ల కిందట ఎవరో ఆ కాటా పక్కనే నిలబడి, అంకెలు ఊగడం కళ్లారా చూసి, ఆ రెండు సెకన్లు పెట్టారు. మేం నవ్వింది ఆ అనుభవాన్ని చూసి.

ఇంకొకటి చెబుతాను. పాతది బిల్లులో ప్రతి వరసకూ విడిగా దశాంశాలు సరిచేసి, తరువాత కూడేది. మేం అన్నీ కూడి, చివర ఒక్కసారి సరిచేశాం. గణితం ప్రకారం మాదే మెరుగు. కానీ ఖాతాదారులు తమ లెక్కల్లో పాత పద్ధతినే అనుసరిస్తున్నారు. చివరి అంకె తేడా వచ్చిన ప్రతి బిల్లూ తిరిగి వచ్చింది. ఇలాంటివి మొత్తం ఎన్నో మాకు చివరిదాకా తెలియనే లేదు.

పది నెలలన్నాం. పది నెలలకు తెరలు దాదాపు అన్నీ పూర్తయ్యాయి, చూపిస్తే అందరూ మెచ్చుకున్నారు కూడా. మిగిలినది నెలాఖరు లెక్కలు, దిద్దుబాటు బిల్లులు, మధ్యలో ధరలు మారినప్పటి సర్దుబాట్లు. అసలు సాఫ్ట్‌వేర్ అంటే అదే. 22వ నెలలో పని ఆపేశారు. ఇల్లు కట్టి చూడు అన్నారు కానీ, పాత ఇంట్లో కాపురం ఉంటూ దాని పునాది మీదే కొత్త ఇల్లు కట్టి చూడమని ఎవరూ అనలేదు, ఎందుకో అప్పుడు తెలిసింది.

ఇదంతా మా చేతకానితనమే అనుకుంటారేమో. కొంత నిజమే. కానీ మాకంటే ఎంతో సమర్థులకూ ఇది తప్పలేదు. నెట్‌స్కేప్ తన బ్రౌజర్ కోడ్‌ను 1998 మార్చిలో బయటి ప్రపంచానికి తెరిచింది. అదే ఏడాది అక్టోబరులో ఆ కోడ్‌ను పక్కన పెట్టి, పేజీని తెరపై కూర్చే ఇంజిన్‌తో సహా కొత్తగా రాయాలని తేల్చారు. అంతకుముందు 1997 జూన్‌లో ఆ బ్రౌజర్ 4.0 విడుదల వచ్చింది. 5 అన్న అంకెతో ఏదీ రాలేదు. 2000 నవంబరులో నేరుగా 6 వచ్చింది, అదీ నెమ్మదిగా, తప్పులతో. ఈ మూడేళ్లకు పైగా కాలంలో మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ మార్కెట్‌ను ఊడ్చేసింది. ఈ కథ చెప్పేవారు సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. నాకు దాని తరువాయి భాగమే ముఖ్యం. ఆ కొత్త ఇంజిన్ పేరు గెకో. 2004 నవంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 1.0 బ్రౌజర్ నడిచింది దాని మీదే. అంటే రాసినది చెడ్డది కాదు. అది పనికొచ్చే నాటికి, దాన్ని రాయించిన సంస్థ చేతిలో మార్కెట్ మిగల్లేదు.

కాబట్టి మీ బృందాన్ని "రాయగలరా?" అని అడగడం దండగ. రాయగలరు. రాస్తున్నంత కాలం పాతదాని సంగతేమిటని అడగండి. ఏడాదిపాటు పాతదానిలో ఏ మార్పూ చేయబోమని ఖాతాదారులకు మీరు చెప్పగలరా? బిల్లింగ్‌లో అది కుదరదు. పన్ను నిబంధన మారితే ఆ నెలలోనే మార్చాలి. అప్పుడు ఎనిమిది మందిలో కనీసం ముగ్గురు పాతదాని మీదే ఉంటారు. ఆ ముగ్గురు చేసిన ప్రతి మార్పునూ మిగతా ఐదుగురు కొత్తదానిలో మళ్లీ చేయాలి. పరుగెత్తే బండి వెనక పరుగెత్తడం లాంటి పని అది. పైగా ఆ ముగ్గురు ఎవరు? "చచ్చిపోయే దాని మీద నన్నెందుకు పెట్టారు" అన్న ప్రశ్న రెండో నెలలో వస్తుంది. ఆరో నెలలో వారిలో ఒకరు రాజీనామా చేస్తారు. ఆయనకే పాత కోడ్ అందరికంటే బాగా తెలిసి ఉంటుంది, ఇది నేను రెండు చోట్ల చూశాను.

ఇక మీ అసలు బాధ: చిన్న మార్పుకు మూడు వారాలు. ఆ మూడు వారాలు ఎక్కడికి పోతున్నాయో ఎవరైనా కాగితం మీద పెట్టారా? ఈమధ్య పూర్తయిన పది మార్పులు తీసుకోండి. కోడ్ చదివి అర్థం చేసుకోవడానికి ఎన్ని రోజులు, రాయడానికి ఎన్ని, చేత్తో పరీక్షించడానికి ఎన్ని, అనుమతి కోసం ఎదురుచూడటానికి ఎన్ని, సర్వర్ మీద పెట్టడానికి ఎన్ని అని విడివిడిగా రాయండి. ఒక చోట మేం ఇలా చూస్తే కోడ్ రాయడం రెండు రోజుల పని అని తేలింది. మిగతా కాలమంతా విడుదల పద్ధతిలో పోతోంది: నెలకు ఒక్కసారే విడుదల, ఒక్కరికే తెలిసిన 40 మెట్ల ప్రక్రియ, మధ్యలో ఏదైనా తప్పితే మళ్లీ మొదటి మెట్టు. అలాంటి చోట మీరు ఎంత అందమైన కొత్త కోడ్ రాసినా మార్పుకు మూడు వారాలే పడుతుంది. ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకుంటే ఎలుకలు పక్కింటికి పోతాయి, కొత్త ఇల్లు లేచాక తిరిగి వస్తాయి.

నెమ్మదిగా నడవడం, తప్పులు ఎక్కువగా రావడం, ఆ భాష తెలిసినవారు దొరకకపోవడం, మార్పు చేయాలంటే భయం వేయడం, ఇవన్నీ వేర్వేరు జబ్బులు. నెమ్మదికి చాలాసార్లు డేటాబేస్‌లో వెతుకులాటను వేగం చేసే ఒక ఇండెక్స్ చాలు. భయానికి మందు టెస్టులు. మనుషులు దొరకకపోతే ఒకరికి నేర్పించడం, ఏడాది పాటు ఎనిమిది మంది జీతాలు పెట్టడం కంటే తక్కువ ఖర్చు. వీటన్నిటికీ "తిరగరాద్దాం" అనే ఒకే పేరు పెట్టేశారేమో చూసుకోండి.

యాజమాన్యాన్ని రెండు వారాలు అడగండి. ఆ రెండు వారాల్లో నేనైతే ఈ పనులు చేస్తాను.

కోడ్‌లో జరిగిన ప్రతి మార్పునూ తేదీతో దాచే గిట్ చరిత్రలో గత రెండేళ్లలో ఏ ఫైలు ఎన్నిసార్లు మారిందో లెక్క తీయండి, ఒక్క ఆదేశంతో వచ్చేస్తుంది. నేను చూసిన చోటల్లా మార్పులు కొన్ని ఫైళ్ల చుట్టూనే ముసురుకుని ఉన్నాయి. ఎనిమిదేళ్లుగా ఎవరూ ముట్టుకోని ఫైలు ఎంత వికారంగా ఉన్నా మీకు రోజూ నష్టం చేయడం లేదు. తరచూ మారే, మారినప్పుడల్లా ఇంకెక్కడో విరిగే ఫైళ్లే మీ మూడు వారాలు తినేస్తున్నాయి. 3 లక్షల వరసల సమస్య ఇలా 20 వేల వరసల సమస్యగా తేలితే ఆశ్చర్యపోకండి.

తరువాత, ఒక నెలాఖరు బిల్లింగ్ మొత్తాన్ని పట్టి ఉంచండి. లోపలికి ఏం వెళ్లింది, బయటికి ఏం వచ్చింది, రెండూ. వచ్చిన ఫలితం సరైనదా కాదా అన్న తర్కం ఇప్పుడు వద్దు. ఉన్నది ఉన్నట్టు నమోదు చేయండి. రేపు కోడ్‌లో ఏ మార్పు చేసినా అదే సమాచారాన్ని మళ్లీ పంపి, ఫలితం అక్షరం తేడా లేకుండా వస్తుందో లేదో చూడవచ్చు. టెస్టులు లేని కోడ్‌కు మొదటి ఆసరా ఇదే. తిరగరాసినా రాయకపోయినా ఇది వృథా కాదు.

మూడోది, ఏ తెరను ఎవరు ఎన్నిసార్లు వాడుతున్నారో దానంతట అదే నమోదయ్యేలా లాగ్ పెట్టండి. రెండు వారాలకు పూర్తి చిత్రం రాదు, ఏడాదికి ఒక్కసారే వాడే తెరలు ఉంటాయి. అయినా మొదలుపెట్టండి. ఎవరూ వాడనివి తేలితే తీసేయండి. చచ్చిన కోడ్ ఊరికే పడి ఉంటుందిలే అనుకోవద్దు. 2012 ఆగస్టు 1న నైట్ క్యాపిటల్ అనే షేర్ల వ్యాపార సంస్థ తన ఎనిమిది సర్వర్లలో ఏడింటి మీదే కొత్త కోడ్ పెట్టింది. ఎనిమిదో దానిలో ఏళ్ల తరబడి వాడని పాత భాగం మిగిలి ఉంది. ఆ పాత భాగాన్ని లేపే సంకేతాన్నే కొత్త పనికి వాడుకోవడంతో అది నిద్ర లేచి, ఆపకుండా ఆర్డర్లు పెట్టింది. 45 నిమిషాల్లో 40 కోట్ల డాలర్లకు పైగా పోయాయి. పాతదాన్ని అలాగే వదిలేయడం ఖర్చు లేని దారి కాదని కూడా మీ నివేదికలో ఉండాలి.

ఈ మూడూ అయ్యాక, చాలా మందికి నేను చెప్పే దారి ముక్కలుగా మార్చడం. తాటిచెట్టు మీద మొలిచిన మర్రిని చూసే ఉంటారు. పక్షి వేసిన గింజ తాటి మట్టల సందులో మొలుస్తుంది, వేళ్లు మాను చుట్టూ దిగుతాయి, కొన్నేళ్లకు మర్రి తన కాళ్ల మీద నిలుస్తుంది. అప్పటిదాకా తాటి నిలబడే ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో దీనికి ముందు ఒక వాకిలి కావాలి. వచ్చే ప్రతి అభ్యర్థనా ఆ వాకిలి గుండానే రావాలి. మొదటి రోజున అన్నిటినీ పాతదానికే పంపండి. తరువాత ఒక్క పనిని, మీ విషయంలో ధర లెక్కించడమే తగినదేమో, కొత్తగా రాసి అటు తిప్పండి. తేడా వస్తే ఒక్క సెట్టింగుతో పాతదానికి మళ్లించగలగాలి.

చెప్పినంత తేలిక కాదు. కోడ్‌ను చీల్చడం కష్టమే, కానీ డేటాను చీల్చడం దానికి పదింతలు. ఖాతాదారు చిరునామా పాత డేటాబేస్‌లోనూ కొత్తదానిలోనూ ఉంటే, ఏది నిజం? రెండింటిలోనూ ఒకేసారి రాద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒకదానిలో రాశాక రెండోది విఫలమైతే? ఆ తేడాలు మెల్లగా పేరుకుని, ఆరు నెలల తరువాత ఏది సరైనదో ఎవరూ చెప్పలేని స్థితి వస్తుంది. నా నియమం మొండిది: డేటాబేస్‌లోని ప్రతి పట్టికకూ ఏ రోజునైనా పాత, కొత్త వైపుల్లో ఒక్కటే యజమాని. రాసేది ఆ యజమానే. రెండో వైపు చదువుకోవడానికి నకలు పెట్టుకోవచ్చు, దానిలో మార్పు చేయడానికి వీల్లేదు. పట్టిక మీద ఆ హక్కు పాత వైపు నుంచి కొత్త వైపుకు మారే రోజు ముందే నిర్ణయమై ఉండాలి, అది వారాంతపు హడావుడిలో జరగకూడదు. మీ ప్రణాళికలో సగం పేజీలు దీనికే పోతే సరైన దారిలో ఉన్నారని అర్థం.

కొత్త ముక్క సిద్ధమయ్యాక కొంతకాలం రెండింటినీ కలిపి నడపండి. అభ్యర్థన రెండింటికీ వెళ్తుంది, జవాబు మాత్రం పాతది ఇచ్చినదే బయటికి పోతుంది, తేడాలు లాగ్‌లో పడతాయి. ప్రోగ్రామర్లు కోడ్ దాచి పంచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్ తన కీలక భాగాలను మార్చడానికి ఈ పద్ధతి వాడి, ఆ పరికరాన్ని సైంటిస్ట్ అనే పేరుతో అందరికీ ఇచ్చింది. ఈ తేడాల లాగ్ చదవడం చాలా విసుగైన పని. మా కాటా దగ్గరి రెండు సెకన్లు గానీ, వరస వరసకూ సరిచేసే దశాంశాలు గానీ, ఇలా నడిపి ఉంటే ఖాతాదారుకు చేరకముందే మాకు కనిపించేవి. ఒక హెచ్చరిక: మెయిలు పంపే, డబ్బు కదిపే భాగాలను ఇలా రెండుసార్లు నడపకండి. ఒకే బిల్లు రెండుసార్లు వెళ్తుంది.

నెట్‌స్కేప్ వారసత్వంలోనే ఈ పద్ధతికీ ఉదాహరణ ఉండటం నాకు ఇష్టమైన సంగతి. ఫైర్‌ఫాక్స్‌లో రస్ట్ భాషలో రాసిన మొదటి భాగం 2016లో 48వ విడుదలలో వచ్చింది. వీడియో ఫైళ్ల వివరాలు చదివే చిన్న ముక్క అది. ఏడాదికి పైగా గడిచాక, 2017 నవంబరులో 57వ విడుదలలో పేజీల అలంకరణను లెక్కించే ఇంజిన్‌ను పూర్తిగా రస్ట్‌లో రాసినదానితో మార్చారు. అంత లోపలి భాగాన్ని మార్చినా బ్రౌజర్ విడుదలలు ఆగలేదు.

ఒక్కసారిగా మారితే ఏమవుతుందో కూడా చూడండి. బ్రిటన్‌లో టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఒకే వారాంతంలో దాదాపు 50 లక్షల మంది ఖాతాదారులను కొత్త వ్యవస్థకు తరలించింది. డేటా సరిగానే చేరింది. కానీ కొత్త వ్యవస్థ నిలబడలేదు. లక్షల మంది తమ ఖాతాలు చూసుకోలేకపోయారు, మామూలు స్థితికి రావడానికి ఆ ఏడాది డిసెంబరు దాకా పట్టింది. 2022లో నియంత్రణ సంస్థలు వేసిన జరిమానా 4.8 కోట్ల పౌండ్లకు పైనే. ఏరు దాటాక తెప్ప తగలేయడమే తప్పంటారు. వీరు ఏటి మధ్యలో తగలేశారు.

మరి మొదటి నుంచి రాయడం సరైన పని ఎప్పుడూ కాదా? అవుతుంది. నా మూడో అనుభవం అలాంటిదే: లేబుళ్లు ముద్రించే చిన్న సాఫ్ట్‌వేర్, ఏం లోపలికి వెళ్లాలో ఏం బయటికి రావాలో నాలుగు పేజీల్లో రాసి ఉంది, ఇద్దరం ఏడు వారాల్లో రాశాం. తప్పు జరిగినా పోయేది ఏడు వారాలే. కింద ఉన్న వేదిక చచ్చిపోతే కూడా వేరే దారి ఉండదు. అడోబి 2020 డిసెంబరు 31తో వెబ్ పేజీల్లో బొమ్మలు, ఆటలు నడిపే ఫ్లాష్‌కు మద్దతు ఆపేశాక, దాని మీద కట్టినవారికి ఇక చర్చించడానికి ఏమీ మిగల్లేదు. సోర్స్ కోడ్ పోయినా అంతే.

ఇంకో సందర్భం కొంచెం లోతైనది: పాత కోడ్ పుట్టినప్పటి ప్రపంచం మారిపోవడం. 1996 జూన్ 4న ఏరియన్ 5 రాకెట్ ఎగిరిన 40 సెకన్ల లోపే ధ్వంసమైంది. దిశను లెక్కించే సాఫ్ట్‌వేర్‌ను ఏరియన్ 4 నుంచి తెచ్చుకున్నారు, అక్కడ అది చక్కగా పనిచేసింది. కొత్త రాకెట్ అడ్డంగా కదిలే వేగం ఎక్కువ. 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలోకి మార్చే చోట అది పట్టలేదు. పైగా ఆ లెక్క ఏరియన్ 5కు పైకి లేచాక అవసరమే లేదు. "ఇన్నేళ్లుగా నడుస్తోంది కాబట్టి సురక్షితం" అనేవారికి నేను ఇది చెబుతాను. ఏ పరిస్థితుల్లో నడిచిందో, అక్కడే సురక్షితం. మీ బిల్లింగ్ ఒకే సంస్థ కోసం రాసినదై, ఇప్పుడు వందల సంస్థలకు ఒకేచోట నుంచి సేవ ఇవ్వాలంటే, ముక్కలుగా మార్చడం దగ్గర కూడా చిక్కుకుంటారు. అప్పుడు కొత్త పునాది తప్పదు. అయినా పాతదాన్ని బతికించే ఉంచాలి. మైక్రోసాఫ్ట్ విండోస్ ఎన్‌టీని కొత్తగా రాసి 1993లో విడుదల చేసింది. ఇళ్లలోకి ఆ పునాది 2001లో ఎక్స్‌పీతో గానీ రాలేదు. మధ్యలో విండోస్ 95, 98 అన్నీ డాస్ అనే పాత పునాది మీదే అమ్ముకుంది. ఎనిమిదేళ్లు రెండింటినీ పోషించగల జేబు ఉంది కాబట్టి సాగింది. మీకు ఎన్ని నెలల జేబు ఉందో యాజమాన్యాన్నే అడగండి.

మీ బృందం గురించి ఒక మాట, చేదుగా ఉంటే మన్నించండి. కొత్తది రాయాలన్న కోరికలో కొంత భాగం విసుగు, కొంత భాగం కొత్త భాష నేర్చుకోవాలన్న తపన. తప్పు లేదు, నాకూ ఉండేది. ముక్కలుగా మార్చే దారిలో మొదటి ముక్కను వారికి నచ్చిన భాషలో రాయనివ్వండి, ఒకే ఒక్క షరతు మీద: నెలాఖరు లెక్కల వంటి కష్టమైన పని మొదట చేయాలి, తెరలు తరువాత. ఈ షరతు వినగానే ఉత్సాహం ఎంత మిగులుతుందో చూడండి. అదీ సమాచారమే.

ఇంతకీ మీరు ఈ వారమే చేయవలసిన పని వీటిలో ఏదీ కాదు. నాలుగు నెలల్లో వెళ్లిపోయే ఆ పెద్దాయనతో కూర్చోండి. రోజుకో గంట, పక్కన ఒక జూనియర్, ఆయన ఒప్పుకుంటే మాటలు రికార్డు చేయండి. "ఇది ఎలా పనిచేస్తుంది?" అని అడగకండి, అలా అడిగితే రేఖాచిత్రం గీసి ఇస్తారు, దానిలో రెండు సెకన్లు ఆగే వరస ఉండదు. ఏ రాత్రుల్లో మీకు ఫోను వచ్చింది, ఎవరు చేశారు, తెల్లారేసరికి కోడ్‌లో ఏం మార్చారు, అని అడగండి. ఆయన చెప్పిన ప్రతి రాత్రికీ గిట్‌లో తేదీ వెతికి, ఆ వరసను పట్టుకుని, పక్కన కారణం రాయించండి.